గుమ్మడికాయ ఎక్కడ పెడతావ్

అద్దంకి బస్టాండు దగ్గర తోపుడుబండి మీద
చంకలో ఇమడనంత తీపి గుమ్మడికాయ.
తట్టి చూశాను, మోగింది.
కిలో ఇరవై అన్నవాడు పదిహేనుకి దిగాడు.
డబ్బులు తీయబోయి ఆగాడు మా ఏలియా.
"ఎక్కడ పెడతావ్?"

ఎంత అనలేదు, ఎందుకు అనలేదు,
ఎక్కడ అన్నాడు.
నాకు అప్పుడే తెలిసిపోయింది.

గద్దలగుంట రెండో లైనులో
ఆ రెండు గదుల్లోకి ఒక్క కుట్టుమిషనుతో వచ్చాం.
ఇప్పుడు మూడు, ఒకటి పీకోది.
మిషను జరిపితేగాని మంచం వాలదు,
మంచం ఎత్తితేగాని బీరువా తెరుచుకోదు.
పిల్ల మ్యాపు పాయింటింగు ఇస్త్రీబల్ల మీదే.
హిందూ మహాసముద్రంలో ఇప్పటికీ
ఇస్త్రీపెట్టె మొన కాల్చిన మచ్చుంది.

ఇల్లు మంచిదే, ఓనరమ్మా మంచిదే.
అదే చిక్కు. చెడ్డదైతే ఎప్పుడో వదిలేవాళ్ళం.
గుడ్డ మంచిదైతే బిగుతైన జాకెట్టుని
కుట్లు విప్పి విప్పి తొడుక్కుంటాం గదా,
లోపలి మడత అయిపోయేదాకా.
మాకు మడత అయిపోయింది.

కర్నూలు రోడ్డు బ్రోకరుకి ఏసీ ఆఫీసు.
కుర్చీ చూపించకముందే "మీరేమట్లమ్మా?"
కులం తేలాకే గదుల లెక్కకి వచ్చాడు.
నేను పర్సు జిప్పు లాగేశాను.

రెండోవాడు కుర్రాడు.
కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ
స్టేషను ఐదు నిమిషాలు, రిమ్స్ ఐదు నిమిషాలు,
బడి ఐదు నిమిషాలు అన్నాడు.
మంగమూరు డొంక దాటి, పొగాకు గోడౌన్ల ఘాటు దాటి
వెళ్తానే ఉన్నాం.
తిరిగొచ్చేటప్పుడు కార్లో ఎవరం మాట్లాడలేదు.

మాలకొండయ్యకి ఆఫీసు లేదు.
లాయరుపేట టీకొట్టు బల్ల,
ఒక లూనా, దాని క్యారేజికి కట్టిన నల్ల గొడుగు.
"మిషన్లెన్ని? రాత్రి ఎందాకా కుడతావు?
కింద ముసలోళ్ళుంటే గొడవైద్ది,
నేల మీది ఇల్లే చూస్తా."
కులం సంగతి నేనే ఎత్తాను, మా చర్చి పేరు చెప్పి.
టీ గ్లాసు దించలేదు.
"ఆ ముక్క ముందే నేనడిగొస్తా.
కాదనేవోళ్ళ గడప నీకెందుకు?"

మొదటి ఇంట్లో గోడల వైపు చూడనేలేదు.
బోరునీళ్ళు దోసిట్లో పట్టి తాగి
చేదు మింగిన పిల్లాడిలా మొహం పెట్టాడు.
"ఉప్పు. బకెట్టు అంచు చూడు, ఎట్టా తెల్లబడిందో."
రెండో ఇంట్లో సంపు మూత ఎత్తి గొడుగు దించాడు.
"పంపు నాలుగు రోజులకోసారి.
ఇది రెండ్రోజులకే అడుగంటిద్ది."
మూడో ఇంట్లో గొడుగు పిడి దాకా తడిసింది.
దులిపి, ఓనరు వైపు తిరిగి
అప్పుడు అడ్వాన్సు మాటెత్తాడు.

దేవుడేం కాదు.
నెలద్దె కమీషనంటే నెలద్దే,
ఐదొందలు తగ్గించమంటే చెవుడొచ్చింది.
తెల్లారుజామున నాలుగున్నరకి
పక్కసందులో పాలవ్యాను క్రేట్లు ధడేలు ధడేలు.
అది చెప్పనేలేదు. అడిగితే
"నీ చప్పుడు వాళ్ళకి ఆనకుండా చూశా,
వాళ్ళ చప్పుడు నీకనుకోలా" అన్నాడు.

సామాను ఎత్తిన రోజు
పెద్ద మిషను వెనక పదకొండేళ్ళ గుండీలు.
గుప్పెడు ఏరాను. ఒక్క జత కుదరలేదు.
పారేయబుద్ధీ కాలేదు.

నిన్న పీకోకి వచ్చినావిడ
చీర ఇచ్చి కదలకుండా నిలబడింది.
"ఇల్లు మారాలేమో అనిపిస్తంది.
ఎట్టా తెలిసిద్దక్కా?"
గుమ్మడికాయ బేరమాడు, తెలిసిద్ది అన్నాను.
వంటల సంగతి అనుకుందేమో, నవ్వి ఊరుకుంది.
కొలతల చీటీ వెనక నంబరు రాసిచ్చాను.
మాలకొండయ్య.
కమీషను తగ్గడు.
నీళ్ళు మాత్రం తాగి చూస్తాడు.